ఆపరేటర్ మామ ఓడిన మ్యాట్నీ

ఇందుమూలముగా కళ్యాణదుర్గం సినిమా ప్రియులందరికీ తెలియజేయడమైనది ఏమనగా: పాత సినిమా హాలు ఎదుట ఉన్న టీ అంగడిలో, ఎడమ చేతి బెంచీ మీద, ఇనుప గొట్టానికి వీపు ఆనించుకోవడానికి వీలుగా ఉండే మూల జాగా మొన్న బుధవారం నుంచి ఖాళీ అయినది. సదరు జాగాలో ఇకమీదట ఎవరైనను కూర్చొనవచ్చును. చక్కెర లేని టీ రెండు గుక్కలు తాగి, ‘ఇది టీనా, గ్లాసులు కడిగిన నీళ్ళా’ అని అడిగే హక్కు కూడా ఆ జాగాతో పాటే సంక్రమించును.

ఆపరేటర్ మామ చనిపోయాడు.

కబురు నాకు చేరిన తీరు కూడా చెప్పాలి. పొద్దున ఆరున్నరకు ఆయన కొడుకు ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు పాపం. ‘‘బస్సన్నా, నాయన పోయినాడు,’’ అన్నాడు. చావు కబురులో కూడా నేను బస్సన్ననే. కళ్ళలో నీళ్ళు రావాల్సిన సమయానికి నాకు ఒళ్ళు మండింది. ఆ పేరు పెట్టిన మనిషి దర్జాగా వెళ్ళిపోయాడు. పేరును మాత్రం నా మెడకు కట్టి పోయాడు.

పోయినాయన మీద పగ పెట్టుకోకూడదని మా ఇంటామె అంటుంది. ఆమెను ఊరంతా బస్సక్క అని పిలుస్తుంది. అయినా ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నాకు ఉంటుంది. అందుకని ఈ నాలుగు మాటలు చదివేవాళ్ళు ఇందులో ఊదొత్తుల వాసన కోసం వెతకొద్దు.

ఆయన నాకు చుట్టం కాదు. ఊరంతా మామా అంటే నేనూ అన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ హాల్లో సినిమాలు వేసిన మనిషి. హాలు మూతపడి చెనక్కాయల గోడౌన్ అయ్యాక, ఎదురుగా ఉన్న టీ అంగడికి మారాడు. రోజూ మ్యాట్నీ వేళకు, అంటే రెండున్నరకు, అక్కడికి వచ్చి కూర్చునేవాడు. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళం ఆయన చుట్టూ చేరేవాళ్ళం. కరెంటు లైన్‌మెన్ ఒకాయన, ధర్మవరం నుంచి వచ్చి ఇక్కడ మగ్గం పెట్టుకున్న చీరలాయన, బోరు మోటార్లు కాలిపోతే తీగ చుట్టే నేను. టీ అంగడి అక్క కూడా మా లెక్కలోనే. ఆమె చూసినన్ని సినిమాలు మేం ముగ్గురం కలిసి కూడా చూడలేదు.

మా ఆటకు రూళ్ళు పెట్టింది ఆపరేటర్ మామే. ఒకరు సినిమా సంగతి అడగాలి. ఎవరు నటించారు, ఎవరు పాడారు అనే పత్రికల ప్రశ్నలు పనికిరావు. తెర మీద కళ్ళతో చూస్తే తప్ప తెలియనిదై ఉండాలి. కోర్టు సీనులో జడ్జి వెనక గడియారం ఎంతకు ఆగిపోయింది? పాటలో హీరో ఎక్కింది ఎర్ర మోటారు సైకిల్, దిగింది నల్లది, మధ్యలో ఎన్ని మలుపులు తిరిగాడు? చచ్చిపోయిన తల్లి పొట్ట ఊపిరికి కదిలింది ఎన్నో రీల్లో? ఫోన్లన్నీ బోర్లా పెట్టి అక్క బన్నుల ట్రేలో వేయాలి. జవాబు చెప్పలేనివాడు ఓడినట్టు. ఓడినవాడు తాను భయపడిన కథ ఒకటి చెప్పుకోవాలి, మిగిలినవాళ్ళు నవ్వాలి.

అట్లా లైన్‌మెన్ కథ బయటపడింది. పదకొండు వేల వోల్టుల స్తంభం ఎక్కి బీడీ తాగే మనిషి, చెయ్యి నేలలోనుంచి లేచే సినిమా చూసి వచ్చి, వారం రోజులు పెరట్లోకి పోవాలంటే అత్తను తోడు పిలిచాడు. ఆమె ఏడో రోజు, ‘‘అల్లుడా, నా బిడ్డను ఇచ్చింది నీకు నేను కాపలా కాసేదానికి కాదు,’’ అందట. అదే సినిమాకు చీరలాయన ఇంకో రకంగా దెబ్బతిన్నాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాలంటే ఎవరో పట్టుకుంటారని భయం. కాళ్ళు పైకి మడిచి పెట్టుకుని, తొక్కుడు కర్రలు తొక్కకుండా మగ్గం ముందు మూడు రోజులు కూర్చున్నాడు. చీర జానెడు కూడా సాగలేదు.

నా కథ చెప్పాల్సిన అవసరమే రాలేదు. అది ఊరంతటికీ ముందే తెలుసు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. తొమ్మిదో తరగతి తప్పి తీగ చుట్టే పని నేర్చుకుంటున్న రోజులు. హాల్లో ఒక బంగళా దయ్యం సినిమా ఆడుతోంది. ఎండాకాలం మ్యాట్నీ. సరిగ్గా దయ్యం మెట్లు దిగే చోట కరెంటు పోయింది. జనం ఈలలు. ఆ చీకట్లో నా కాలరు కింద చల్లగా ఏదో తాకింది. తాకి ఊరుకోలేదు, వీపు మీదుగా మెల్లగా కిందికి జారింది. తర్వాతి సంగతులు చూసినవాళ్ళు చెబితే తెలుసుకున్నవే. మూడు బెంచీలు దాటానట. ఒక పెద్దాయన తలపాగా తొక్కానట. రోడ్డు మీదికి వచ్చి, కదులుతున్న అనంతపురం బస్సు ఎక్కానట. నాకు తెలివి వచ్చింది మాత్రం కండక్టర్ భుజం తట్టినప్పుడే.

‘‘యాడికప్పా?’’

‘‘దయ్యం,’’ అన్నాను.

‘‘ఆ స్టాపు లేదు. ముందుకు జరుగు.’’

కాళ్ళకు చెప్పుల్లేవు, జేబులో దుడ్లు లేవు. దించేసిన చోటు నుంచి ఎండలో కాళ్ళు కాలుతూ నడిచి వచ్చాను. హాలు దగ్గరికి చేరేసరికి ఫస్ట్ షోకు జనం నిలబడి ఉన్నారు. పైన కేబిన్ మెట్ల మీద ఆపరేటర్ మామ బీడీ తాగుతూ కనిపించాడు. అందరికీ వినపడేటట్టు, ‘‘ఏమప్పా బస్సూ, సీటు దొరికిందా?’’ అన్నాడు.

అంతే. ఆ రోజుతో నా పేరు పోయింది. నా అంగడి బోర్డు మీద నా పేరే ఉంది, చదివేవాళ్ళు లేరు. బడిలో నా కూతురు బస్సోళ్ళ పాప. కొత్తింట్లో పాలు పొంగించిన రోజు స్నేహితులు తెచ్చిన గోడ గడియారం మీద ‘బస్సన్న దంపతులకు’ అని బంగారు రంగుతో రాయించారు. అది ఇప్పటికీ మా ముందర గదిలో ఉంది, టైము కూడా సరిగ్గా చూపిస్తుంది.

ఇంకో పదేళ్ళకు అసలు సంగతి తెలిసింది. టీ అంగడి అక్క నోరు జారింది. నా వీపు మీద జారింది సోడా డబ్బాలోని ఐసు ముక్క. పెట్టింది ఆపరేటర్ మామ. కరెంటు పోగానే కేబిన్ దిగి వచ్చి మరీ పెట్టాడు. నేను ఉరికినట్టు పోయి గట్టిగా అడిగాను.

‘‘అవునప్పా, నేనే,’’ అన్నాడు తొణక్కుండా. ‘‘నువ్వు ముందర బెంచీలో ఆడపిల్లోళ్ళ జడలు రెండు ముడేస్తాంటివి. కేబిన్ గోడ కంతలోనుంచి చూస్తాండా. సినిమా ఆపి నిన్ను తన్నేదానికి వీల్లేకపాయె.’’

జడలు ముడేసిన మాట నిజమే. కానీ రెండు జడలకు ముప్పై ఏళ్ళ బస్సా? మీరే చెప్పండి.

నేను ఊరుకునే రకం కాదు. ఈ ఊర్లో నా తుంటరి పనులు చూడనివాళ్ళు తక్కువ. మామ రీలు డబ్బాలో రబ్బరు పాము పెట్టాను. ఆయన దాన్ని తీసి, వెలుతురుకు పట్టి, తోక నుంచి తల దాకా వేళ్ళ మధ్య లాగి చూసి, ‘‘దీనికి జాయింటు సరిగ్గా ఏయలేదప్పా, మెడ కాడ తెగుతాది,’’ అని నా చేతికే ఇచ్చాడు. హైస్కూలు సైన్సు గదిలోని పుర్రెను అటెండరును బతిమాలి తెచ్చి కేబిన్ కంతలో పెట్టాను. ఆయన దాని కంటి గుంటలో బీడీ ఆర్పాడు. ఏం చేసినా ఆ మొహంలో రంగు మారేది కాదు. నాకు అన్నం సహించేది కాదు.

‘‘నీకు భయమే లేదా మామా?’’ అని లైన్‌మెన్ ఒకసారి అడిగాడు.

‘‘భయం బొమ్మలో ఉండదప్పా, సౌండులో ఉంటాది. సౌండు తీసేసి చూడు, దయ్యం పెండ్లికి పిలిచేదానికి వచ్చిన చుట్టం మాదిరి ఉంటాది,’’ అన్నాడు. ఇది నేను ఇంట్లో టీవీ మీద పరీక్ష చేసి చూశాను. నిజమే. ఆయన చెప్పినవి ఎక్కువగా నిజాలే కావడం నా కోపానికి ఇంకో కారణం.

రీలు తెగితే జనం తన తల్లిని తిట్టేవాళ్ళు కదా, అందుకు కూడా ఆయనకు కోపం ఉండేది కాదు. ‘‘తిడతాండారంటే చూస్తాండారని అర్థం,’’ అనేవాడు. వాన రాని ఏళ్ళలో చేను పని లేక జనం హాలు నింపేవాళ్ళు. అప్పుడు మాత్రం తెగకుండా, రీలు అతికిన ఒక్కో జాయింటు ముందే వేలితో తడిమి చూసుకునేవాడట. ‘‘పస్తు ఉన్నోడు టికెట్ కొన్నాడు, వాని సినిమా తెగకూడదప్పా.’’ ఇది అక్క చెబితే తెలిసింది. ఆయన నోటితో చెప్పుకోలేదు.

ఇక నాకు మిగిలింది ఆట ఒక్కటే. ఒక్కసారి ఆయన ఓడాలి. తన భయం కథ మా ముందు చెప్పుకోవాలి. నా పందెం ఇంకోటి కూడా ఉంది: ఓడిన రోజు అందరి ముందర నన్ను నా సొంత పేరుతో పిలవాలి. ‘‘సరేలే బస్సూ,’’ అని ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి ఎన్ని ప్రశ్నలు వెతికానో. కార్ల నంబర్లు, హీరోయిన్ గాజుల రంగులు, విలన్ చెప్పుల జతలు. అడిగిన ప్రతిదానికీ ఆయన టీ గ్లాసు దించకుండానే జవాబు చెప్పాడు. ఆయన ఒక్కసారి కూడా ఓడలేదు. ఆయన భయం ఏమిటో ఎవరికీ తెలియలేదు.

ఈ ఏడాది మామకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు అనంతపురం పోయి రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేవాడు. మిగతా రోజుల్లో కొడుకు ఆటోలో తెచ్చి బెంచీ మీద దించేవాడు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక, పట్టీలు కోసి వేసుకునేవాడు. నాకు జాలి కలగలేదని చెప్పను. జాలి కంటే తొందర ఎక్కువ కలిగింది. ఈయన ఓడకుండానే పోతాడేమోనని.

మంగళవారం మ్యాట్నీ వేళ. ఎండ గోడౌన్ రేకుల మీద మండుతోంది. నేను అడిగాను.

‘‘మామా, ఆ బంగళా దయ్యం సినిమా. ఇంటర్వెల్ ముందర దయ్యం మెట్లు దిగుతాంది కదా. పక్క గోడకు అద్దం ఉండాది. ఆ అద్దంలో ఒక మనిషి కనపడతాడు. వాని చేతిలో ఏముండాది?’’

ఆ సినిమా ఆయన యాభై రోజులు వేశాడు. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. నా మొహం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అక్క స్టవ్ మంట తగ్గించింది.

‘‘తెలీదప్పా,’’ అన్నాడు. ‘‘నువ్వే చెప్పు.’’

‘‘టీ గ్లాసు. లైట్లు పట్టేవాడు లుంగీతో నిలబడి టీ తాగుతాండాడు. ఎవరూ చూసుకోకుండా సినిమాలో వదిలేసినారు.’’

లైన్‌మెన్ బన్నుల ట్రే వైపు చెయ్యి చాపాడు. ‘‘ఉండన్నా, ఫోన్లో చూద్దాం.’’

మామ ఆ చేతిని పట్టుకున్నాడు. ‘‘ఆటలో ఫోను లేదు. ఓడినా అంటే ఓడినా.’’

తర్వాత రూలు ప్రకారం కథ చెప్పాడు.

‘‘హాలు మూసేసే ముందర ఎండాకాలం. జనం ఏడుగురు. సినిమాకు రాలేదు, ఫ్యాను కింద పండుకునేదానికి వచ్చినారు. ఇద్దరు ఫోన్లు గెలుక్కుంటాండారు. నాలుగో రీల్లో జాయింటు తెగింది. తెర తెల్లగా అయిపోయింది. తిట్లు వస్తాయని ఎప్పటి మాదిరి కాచుకున్నా. రాలేదు. కంతలోనుంచి చూస్తే ఒక్కడు కూడా వెనక్కి తిరిగి చూళ్ళేదు. తెర తెల్లగా ఉండాది, ఫ్యాన్లు తిరుగుతాండాయి. రీలు అతికించేది కూడా మరిచిపోయినానప్పా. నా పానం పోయింది, నాకు తెలియలేదేమో అనుకున్నా.’’

‘‘మరి ఏం చేసినావు మామా?’’ అన్నాడు చీరలాయన.

‘‘కంతలో నోరు పెట్టి నేనే ఈల ఏసినా. ‘రేయ్ ఆపరేటర్, నిద్రపోతాండావా’ అని నన్ను నేనే తిట్టుకున్నా. అప్పుడు ఒకాయన లేసి, ‘ఎవడప్పా అది, పండుకోనీ’ అన్నాడు.’’

నవ్వాలి కదా. ఎవరికీ రాలేదు. ఆయనే నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

నేను వదిలేయలేదు. ‘‘పేరు మామా,’’ అన్నాను.

‘‘రేపు పిలుస్తాలే అల్లుడా. ఈపొద్దుకు ఊపిరి చాల్లేదు.’’

బుధవారం పొద్దున ఫోన్ వచ్చింది.

నా పేరు నేను ఇక్కడ రాయను. ఆయన నోటి నుంచి రావాల్సింది, రాలేదు. మట్టి వేసే దగ్గర అందరూ నన్నే చూపించి చెప్పుకున్నారు. ‘‘ఆపరేటర్‌ను ఓడించిన మొగోడు బస్సన్న ఒక్కడే,’’ అన్నాడు లైన్‌మెన్. కొడుకు కూడా వచ్చినవాళ్ళకు ఆ అద్దం ప్రశ్న చెబుతున్నాడు, ఏదో వాళ్ళ నాయన సంపాదించిన ఆస్తి మాదిరి. ఇప్పుడు ఊర్లో సినిమా తెలిసినవాళ్ళందరికీ ఆ టీ గ్లాసు మనిషి తెలుసు. నేను గెలిచినవాడిగా తలెత్తుకుని తిరగొచ్చు. రెండు రోజులు తిరిగాను కూడా. మూడో రోజు ఫోన్లో ఆ సినిమా వెతికి పెట్టుకున్నాను.

అసలు ఆ బుధవారం మ్యాట్నీకి నేను ఒక మాట దాచుకుని ఉన్నాను. ఆయన నన్ను పేరు పెట్టి పిలవగానే, అందరి ముందర ఆ మాట బయటపెట్టి, ఐసు ముక్కకు ఐసు ముక్క వేసి, ఊరంతా ఆయనను చూసి నవ్వేటట్టు చేయాలని. వినేవాడు పోయాడు కాబట్టి మీకు చెబుతున్నాను. ఫోన్లో దయ్యం మెట్లు దిగుతుంటే ఆపి చూశాను. రోజుకు నాలుగు ఆటలు, యాభై రోజులు, ఆపరేటర్ మామ వెలుతురు పోసిన గోడ అది. ఆయన కళ్ళకు అది తెలియదా అని నన్నెవరూ అడగొద్దు. ఉత్త తెల్ల గోడ. దానికి మేకు కూడా లేదు. అద్దం నేను కల్పించిందే.