కొండూరు జయమణి, జయమణి కొండూరు

ఇప్పుడు జగ్గయ్యపేటలో మస్కట్‌కో దుబాయికో వెళ్ళబోయేవాళ్ళు పాస్‌పోర్టు కాయితాలు నింపేముందు ఒకసారి దేవమణి దగ్గరికి వచ్చిపోతారు. ఆమె మరియమ్మ గుడి సందులో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. చదివింది ఎనిమిదో తరగతిలో సగం. మాట కూడా తక్కువ మనిషి. వచ్చినవాళ్ళ చేతిలో కాయితం తీసుకుని, కాసేపు చూసి, తల ఎత్తకుండానే ఒక మాట అడుగుతుంది.

"నీ పేరు తిరగేసి పిలిస్తే పలుకుతావా?"

కొత్తవాళ్ళు నవ్వుతారు. దేవమణి నవ్వదు. ఆ ప్రశ్న ఆమెకు అక్క జయమణి మూలంగా వచ్చింది, డెబ్బై తొమ్మిదిలో.

అప్పటికి వాళ్ళ నాన్న పోయి చాలా కాలమైంది. తల్లి లూర్దమ్మ మిరపచేలకు కూలికి పోయేది. జయమణి సిస్టర్ల ఆసుపత్రిలో ఆయాగా కుదిరిన ఏడాదే లూర్దమ్మకు నడుము పట్టేసింది. ఇంట్లోంచి ఒకరు చేనికి వెళ్ళక తప్పదు గనక దేవమణి పుస్తకాల సంచి దూలానికి తగిలించి మిరపకోతకు దిగింది. అసలే బెదురు పిల్ల. ఎవరైనా ఇంటికొస్తే తలుపు చాటున నిలబడేది. నలుగురిలో ఉంటే నోరు తెరిచేది కాదు. చూపు మాత్రం చురుకు. గుడిలో పూజ అయ్యాక ఎవరి చెప్పులు ఎవరు వేసుకుపోయారో తర్వాత అడిగితే చెప్పేది. అడక్కపోతే చెప్పేది కాదు.

జయమణి అలా కాదు. గలగలా మాట్లాడేది, దేనికైనా ముందుండేది. పశ్చిమ జర్మనీలో తమ మఠంవాళ్ళు నడిపే వృద్ధుల ఆశ్రమంలో పనికి మనుషులు కావాలని సిస్టర్లు అన్నప్పుడు, వాక్యం పూర్తి కాకముందే "నేను వెళ్తా సిస్టర్" అంది. లూర్దమ్మ ఏడ్చింది, అరిచింది, అన్నం మానేసింది. జయమణి నచ్చజెప్పి, నవ్వించి, చివరికి బస్సెక్కింది. ఎక్కేముందు చెల్లెలి చెవిలో, "నాకు వెళ్ళాలనుందే దేవా. డబ్బు కోసమే కాదు. చూడాలని," అంది. ఆ మాట దేవమణి ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళి రెండు నెలలు కాకముందే ఒక ఆదివారం పూజ అయ్యాక ఆసుపత్రి సిస్టరు వాళ్ళను ఆపింది. జయ ఫోను చేస్తుంది, ఏదో అవసరం పడిందట, రమ్మంది. లూర్దమ్మ తమ్ముడు శాంతయ్య కూడా వెంట వచ్చాడు. అతను మిర్చి కొట్లో కాటా దగ్గర పనిచేస్తాడు. పేటలో ఏం జరిగినా తను లేకుండా జరగకూడదని అతని పట్టుదల.

ఫోను సిస్టర్ల ఆఫీసు గదిలో మరియమ్మ పటం కింద ఉంది. అది మోగగానే లూర్దమ్మ రెండు చేతులతో లాక్కుని తలకిందులుగా పట్టుకుంది. సిస్టరు దాన్ని తిప్పి చెవికి ఆనించింది.

"జయా! నేనే, అమ్మనే! తిన్నావా?"

అవతలనుంచి ఏదో వినపడింది. లూర్దమ్మ మొహం మారిపోయింది.

"పన్నా? ఏ పన్నే?... సగం పోతందా? అయ్యో నా తల్లీ!... తేలకపోతే తిప్పి పంపుతారా? పన్ను పోటుకి తిప్పి పంపడమేందే, అక్కడ డాక్టర్లే లేరా? లవంగం పెట్టుకో! నమిలి మింగొద్దు, బుగ్గన పెట్టుకో!"

"పన్ను పీకుతారంటనా?" అన్నాడు శాంతయ్య.

"సగం పీకారంట రా!"

మూడు నిమిషాల ఫోను. అందులో ఒక నిమిషం లవంగానికే పోయింది. సిస్టరు ఫోను తీసుకుని దేవమణి చేతిలో పెట్టింది. దేవమణి ఫోన్లో మాట్లాడటం అదే మొదటిసారి. 'అక్కా' అన్న మాట పైకి వచ్చిందో లేదో ఆమెకే తెలియలేదు.

"దేవా, నువ్వన్నా విను. పంటి పన్ను కాదే, సర్కారుకి కట్టే పన్ను! ఇక్కడ కొత్తగా పనిలో చేరినోళ్ళు ఊరి ఆఫీసుకెళ్ళి పేరు రాయించుకోవాల. వాళ్ళు పన్ను కార్డిస్తారు. అది పనిచేసేచోట ఇయ్యాల, ఇయ్యకపోతే జీతంలో సగం పన్నుకే పోతది. నా పాస్‌పోర్టులో కొండూరు జయమణి అనుందా? ఆఫీసోళ్ళు కొండూరు నా పేరనుకున్నారు, జయమణి ఇంటిపేరనుకున్నారు. ఆశ్రమంలో మన మదర్ సరిగానే రాసింది. ఇప్పుడు ఇక్కడ ఇద్దరున్నాం. ఒకామె పన్నుకి పేరు రాయించుకుందంట కానీ పని చెయ్యట్లేదంట. ఇంకొకామె పని చేస్తందంట కానీ పన్నుకి రాలేదంట. నేను చెప్తే నమ్మట్లా. ఇద్దరూ ఒకరేనని మన దగ్గర్నించి ముద్రేసిన కాయితం రావాల, ఇంగ్లీషులో. నెలాఖరు దాటితే పని అనుమతి ఆపేస్తారంట. సరిగ్గా రాయించవే, దేవా, మామయ్య మీద వద–"

గుర్రుమని చప్పుడు వచ్చి ఫోను ఆగిపోయింది.

దేవమణి ఇంటికి వెళ్ళాక, మెల్లగా, రెండుసార్లు చెప్పింది. లూర్దమ్మ అంతా విని, "తిప్పి పంపితే పంపనీ. నా పిల్ల నా దగ్గర ఉంటది," అంది. బస్సెక్కేముందు అక్క చెవిలో చెప్పిన మాట దేవమణికి గుర్తొచ్చింది.

"కాయితం రాయించాలమ్మా," అంది.

అంత గట్టిగా ఆమె ఏదీ అనదు గనక లూర్దమ్మ ఊరుకుంది.

శాంతయ్యకు మాత్రం సగమే ఎక్కింది. మర్నాడు పొద్దుటికి పేటంతా జయమణికి జర్మనీలో పన్ను కట్టారని తెలిసిపోయింది. బంగారు పన్నేనా అని బావి దగ్గర ఎవరో అడిగారు.

బుధవారం శాంతయ్య కొట్టు మానేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మేనకోడలిని నందిగామ తీసుకెళ్ళాడు. అక్కడ కోర్టు ఎదురుగా భవానీప్రసాద్ అనే ప్లీడరు ఉన్నాడు. నోటరీ ముద్ర ఆయన దగ్గర ఉంటుంది. మంచివాడని, మిర్చి రైతుల కాయితాలన్నీ ఆయనే రాస్తాడని పేరు. చిల్లకల్లు దాటేదాకా శాంతయ్య బస్సులో జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు.

"నువ్వేం మాట్లాడమాక అమ్మాయ్. పెద్దోళ్ళతో ఎట్టా మాట్లాడాలో నాకు తెలుసు."

శాంతయ్యకు తెలిసిన పద్ధతి ఒక్కటే. పెద్దవాళ్ళు ఏమన్నా 'అవునండి' అనడం. వానలో నిలబెట్టి ఎండగా ఉందా అని అడిగినా అవునండి అంటాడు. పేటలో అంత నోరున్న మనిషి, తెల్లచొక్కా ఎదురుపడితే ఆ ఒక్క మాట మీద నడిచిపోతాడు.

ప్లీడరు వరండాలో బల్ల వెనక కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏమయ్యా, ఏం పని మీద వచ్చారు?"

"మా మేనకోడలు జర్మనీలో ఇద్దరైందండి," అన్నాడు శాంతయ్య.

ప్లీడరు గ్లాసు దించాడు. "కవలలు పుట్టారా?"

"అవునండి... కాదండి, పెళ్ళే కాలేదండి."

"మరి ఇద్దరెట్లా అయింది?"

"ఆఫీసులో అయిందండి."

ప్లీడరుకు పొలమారింది. అటు టైపు మిషను దగ్గరున్న గుమాస్తా కూడా తల తిప్పాడు. కొంతసేపు అటూ ఇటూ అడిగి, మధ్యమధ్య పంటి సంగతి కూడా వచ్చిపోయి, చివరికి విషయం ప్లీడరుకు అందింది.

"అంటే ఒక మనిషి ఒక మనిషేనని నేను సర్టిఫికెట్టివ్వాలి."

"అవునండి."

"ఇరవయ్యేళ్ళలో ఇట్లాంటిది రాయలా. సరే. పేరేమిటి?"

"కొండూరు జయమణండి."

"కొండూరా? మా అత్తగారి ఊరేనయ్యా! జి.కొండూరేగా?"

"అవునండి."

"ఊళ్ళో ఎటు పక్క, చెరువు వైపా?"

"అవునండి, అవునండి," అన్నాడు శాంతయ్య, పెద్దాయన సంతోషపడ్డందుకు తనూ సంతోషపడిపోతూ.

ప్లీడరు చెప్పడం, గుమాస్తా టైపు కొట్టడం జరిగిపోతున్నాయి. దేవమణి స్తంభం పక్కన నిలబడి కాయితం పైకి లేస్తుంటే చూస్తోంది. ఇంగ్లీషు ఆమెకు రాదు. అక్షరాలు వచ్చు. మొదటి వరసలో జయమణి అని పెద్దక్షరాల్లో ఉంది, ఒక్కటే. తర్వాత చిన్న మాటలు ఏవో. తర్వాత 'జి', చుక్క, దాని పక్కన కొండూరు. కింద వరసలో కూడా అంతే. కొండూరు వచ్చిన ప్రతిచోటా ముందు ఆ 'జి' ఉంది.

ఆమెకు తన బడి గుర్తొచ్చింది. నాలుగో తరగతిలో కొత్తగా ఒక విదేశీ సిస్టరమ్మ వచ్చింది. హాజరు పట్టీలో ముందున్నదే పేరనుకుని పిల్లల్ని ఇంటిపేర్లతో పిలిచేది. 'కొండూరూ' అంటే దేవమణీ, వాళ్ళ చిన్నాన్న కొడుకూ ఇద్దరూ లేచేవారు. ఒకరిని కూర్చోమంటే ఇద్దరూ కూర్చునేవారు. క్లాసంతా నవ్వేది. పాపం ఆమె తప్పేమీ లేదు. వాళ్ళ దేశంలో ముందొచ్చేదే మనిషి పేరు.

గుమాస్తా కాయితం లాగాడు. ప్లీడరు పెన్ను మూత తీశాడు. ముద్ర డబ్బా తెరిచి ఉంది.

దేవమణి మామయ్య వైపు చూసింది. అతను ముద్ర వైపు చూస్తూ చేతులు కట్టుకుని ఉన్నాడు. ఈ కాయితం ఇలాగే వెళ్తే అక్క మళ్ళీ ఫోను చేసి చెప్పే వ్యవధి కూడా లేదు. నెలాఖరు దగ్గర్లోనే ఉంది.

"మాది జి.కొండూరు కాదండి," అంది.

ఎవరికీ వినపడలేదు. లారీ ఒకటి పోతోంది రోడ్డు మీద. అది పోయేదాకా ఆగి మళ్ళీ అంది.

"మాది పేటండి. కొండూరు ఊరు కాదండి. ఇంటిపేరండి."

శాంతయ్య తిరిగి చూశాడు. "ఊరుకోయే! పెద్దాయన రాశాక..."

"ఇట్లా పంపితే ముగ్గురవుతారండి."

ప్లీడరు చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆయన కాయితం చూశాడు, శాంతయ్యను చూశాడు.

"ఏమయ్యా, చెరువు వైపు అన్నావు?"

"అవునండి," అన్నాడు శాంతయ్య నీరసంగా.

ప్లీడరు పకపకా నవ్వాడు. గుమాస్తా నవ్వాడు. నవ్వు ఆగాక ప్లీడరు ఆ కాయితాన్ని నిలువునా చింపి, "ఇటు రా అమ్మాయ్, నువ్వు చెప్పు. అక్కడివాళ్ళు ఎట్లా చదువుతారు?" అన్నాడు.

దేవమణి స్తంభాన్ని వదల్లేదు. అక్కడినుంచే చెప్పింది. మొదట అక్క మాటలు, తర్వాత బళ్ళో సిస్టరమ్మ సంగతి. సగం మాటలు స్తంభానికే చెప్పింది. ప్లీడరు బల్ల మీదికి వంగి విన్నాడు.

"ఈ లెక్కన నన్ను కూడా తిరగేస్తారన్నమాట," అన్నాడు. "అయితే ఒక పని చేద్దాం. మా తెలుగువాళ్ళలో ఇంటిపేరు ముందుంటుంది, మనిషి పేరు వెనక ఉంటుంది అని మొదటి వాక్యంలోనే రాసేద్దాం. తర్వాత నీ అక్క సంగతి. సరిపోతుందా?"

"రెండు రకాలుగానూ రాయండి. రెండూ పక్కపక్కన," అంది దేవమణి. "కింద ఒకరే అని."

ఈసారి గుమాస్తా ఒక్కో పేరూ కొట్టి, ఆమె వైపు తిప్పి చూపించాడు. ఆమె వేలు ఆనించకుండా, గాల్లోనే అక్షరాల వెంట వేలు నడిపి, తల ఊపింది. అప్పుడు ముద్ర పడింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో శాంతయ్య మాట్లాడలేదు. చిల్లకల్లు దగ్గర మాత్రం, "ప్లీడరు గారి ముందు నోరెత్తుతావే!" అన్నాడు. పేటలో దిగాక మాట వచ్చింది. సాయంత్రానికి బావి దగ్గర అతని గొంతు వినపడింది. "మేం కుదర్దన్నాం! ఇట్టా పంపితే ముగ్గురవుతారండీ అని మొహాన చెప్పాం!"

లోపల బియ్యం ఏరుతున్న దేవమణి ఆ మాట విని, చాట కింద పెట్టి, ఒక్కతే నవ్వుకుంది.

కవరు అంటించేముందు లూర్దమ్మ దానిలో చిన్న కాయితప్పొట్లం దూర్చింది. లవంగాలు.

"అమ్మా, ఇది పంటి సంగతి కాదని చెప్పాగా."

"కాదులేవే. పళ్ళు కూడా ఉంటాయిగా మనిషికి."

ఆ తర్వాత రోజులు చప్పగా నడిచాయి. చేనికి వెళ్ళడం, రావడం. లూర్దమ్మ రోజూ పడుకునేముందు జయ కోసం ప్రార్థన చేసేది. పిల్లకు మంచి జరగాలని అడిగేదే గానీ ఆ మంచి అక్కడ ఉండటమో తిరిగి రావడమో చెప్పేది కాదు. దేవమణికి అది వినపడేది. తనూ పక్కన మోకరించి, ఆ చెప్పని మాట తను చెప్పుకునేది. నెలాఖరు వచ్చింది, పోయింది. కబురు లేదు. సందు మొగలో ఎవరి అడుగు చప్పుడైనా లూర్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడేది, పెట్టె పట్టుకుని కూతురు దిగుతుందేమోనన్నట్టు.

తర్వాతి ఆదివారం సిస్టరు మళ్ళీ పిలిచింది.

ఈసారి లూర్దమ్మ ఫోను సరిగానే పట్టుకుంది. దేవమణి దానికి రెండో వైపు చెవి ఆనించింది.

"అమ్మా! ఒక్కదాన్నయ్యానే!" జయమణి నవ్వుతోంది. "కార్డు మార్చి ఇచ్చారు. కవరు విప్పితే ఆఫీసంతా లవంగాల వాసన! అక్కడి ఆఫీసాయన కాయితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. మొదటి వాక్యం రెండుసార్లు చదివి పక్కాయన్ని కూడా పిలిచి చూపించాడు. దేవా ఉందా? బాగా రాయించిందని చెప్పు!"

లూర్దమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇక పిల్ల ఇప్పట్లో రాదు. ఆ సంగతి ఆమెకు అర్థమైందని దేవమణికి తెలిసింది, ఫోను పట్టుకున్న చేతివేళ్ళు బిగుసుకోవడం చూసి.

"సగం పోతందన్నావు," అంది లూర్దమ్మ చివరికి. "ఇప్పుడు పన్ను తగ్గిందా?"

"తగ్గిందమ్మా," అంది జయమణి.

"లవంగం మంచిదే," అంది లూర్దమ్మ.

దేవమణి కాదనలేదు.