అవ్వతో కలిసి తిన్న ఆదివారాలు

మందమర్రిలోని మా క్వార్టర్‌లో మేం ముగ్గురం ఎన్నడూ ఒకేసారి తినలేదు. బాపు బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ ఆయన షిఫ్టును బట్టే మా పొయ్యి వెలిగేది. ఆయన తిన్నాక నేను, నేను తిన్నాక, నేను అవ్వ అని పిలిచే మా అమ్మ. వంటింట్లో పీట మీద కూర్చుని, మాకు వీపు పెట్టి తినేది. బాపు రిటైరయ్యాక కూడా అదే పద్ధతి సాగింది.

నేను హైదరాబాద్‌లో ఫ్రెంచ్ చదువుకుని, ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊరి బడిలో పిల్లలతో ఇంగ్లిష్ మాట్లాడించే పని మీద రెండేళ్లు ఉన్నాను. నేను అద్దెకున్న ఇంటి ముసలి దంపతులు ఆదివారం మధ్యాహ్నం నన్నూ తమతో కూర్చోబెట్టుకునేవారు. ముందు పచ్చి కూరగాయల ముక్కలు, తర్వాత కూర, ఆ తర్వాత చీజ్, చివరికి పండు. ఒకటి అయ్యాకే ఇంకొకటి. వండినావిడ కూర్చునేదాకా ఎవరూ మొదలుపెట్టరు, అందరిదీ అయ్యేదాకా ఎవరూ లేవరు. మొదట్లో నాకు నడుం నొప్పి పుట్టేది. తర్వాత్తర్వాత ఆ ఆదివారాల కోసమే వారమంతా ఎదురుచూసేదాన్ని.

తిరిగొచ్చి ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో ఫ్రెంచ్ పాఠాలు చెప్పుకుంటూ, అక్కడి అలవాట్లు ఒక్కొక్కటే ఇక్కడ పెట్టి చూశాను. అక్కడ దుకాణంలో అడుగు పెట్టగానే ముందు పలకరించాలి, సరుకు అడగడం తర్వాత. మా వీధి చివరి కిరాణా కొట్టులో అలాగే “నమస్తే అన్నా, మంచిగున్నరా?” అన్నాను. ఆయన తూకం ఆపి నన్ను అనుమానంగా చూశాడు.

“ఏంది చెల్లె, చందాకొచ్చినవా?”

నేను కాల్చిన పొడవాటి రొట్టె ఇంకా అన్యాయం. బాపు దాన్ని గోడకేసి తట్టి చూసి, “గిది బాయిల పైకప్పు కూలకుండ పోటు పెట్టొచ్చు బిడ్డా” అన్నాడు.

రొట్టె వదిలేశాను. ఆదివారం భోజనం మాత్రం వదలబుద్ధి కాలేదు. నేను పాఠాలు చెప్పే బల్లను ముందుగదిలోకి జరిపి, మేనమామ సిరిసిల్ల నుంచి పంపిన దుప్పటి దాని మీద పరిచాను. కీరా ముక్కల మీద నిమ్మకాయ పిండాను. జొన్నరొట్టె, వంకాయ కూర, అన్నం, పప్పుచారు, పెరుగు, జామపండ్లు అన్నీ వరుసగా బల్ల మీద పెట్టాను.

అవ్వ వంటింటి గడప దాటలేదు. “నేను గూడ కూసుంటె వడ్డించేటోళ్లు ఎవలే?”

“అన్ని ఈడనే ఉన్నయ్ అవ్వా. ఎవలది వాళ్లు పెట్టుకునుడే.”

“మీ బాపు ముంగట కుర్సీల కూసోని తినాల్నా? ఎవలన్న చూస్తె నగుతరు.”

“తలుపు దగ్గరికేస్త.”

“పిల్ల గంతగనం అడుగుతుంటె కూసోరాదె” అన్నాడు బాపు.

అవ్వ కుర్చీ అంచున కూర్చుంది. ఉప్పని ఒకసారి, నీళ్లని ఒకసారి లేచింది. తర్వాతి ఆదివారాల్లో లేవడం తగ్గింది. అలా మా ఎదురుగా కుదురుగా కూర్చోవడం మొదలయ్యాకే బాపు కంట ఒక సంగతి పడింది. అవ్వ రొట్టె ముట్టడం లేదు. అన్నం చిన్న చిన్న ముద్దలు చేసి, ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతోంది.

“రొట్టె ముడ్తలేవేందే?”

“ఆకలి లేదు.”

“మొన్న గూడ గట్లనే అన్నవ్.”

అవ్వ నీళ్ల గ్లాసు కింద పెట్టింది. తర్వాత రొమ్ము మధ్యన వేలు పెట్టి చూపించింది. “దిగుతలేదు. ఈడ పట్టేస్తుంది.”

“ఎప్పటిసంది?”

“పోయిన వానకాలం సంది కావచ్చు. నీళ్లల్ల నానవెట్టుకోని తింటున్న. ఏం గాదు తియ్యి.”

బాపు కంచం పక్కకు జరిపాడు. జాకెట్లు వదులవుతున్నాయని అవ్వ కుట్లు వేసుకుంటుంటే, వయసు మీద పడుతోందనుకున్నాం మేమిద్దరం. ఆ రోజు జామపండ్లు ఎవరూ తినలేదు.

మర్నాడే బస్సెక్కి కరీంనగర్ పోయాం. ఆస్పత్రిలో గొంతులోంచి గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా మా ముగ్గురి మనసులోనూ ఒకే మాట, దాన్ని ఎవరం పైకి అనలేదు. బాపు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. అవ్వ మాత్రం రోజూలాగే బియ్యం చెరిగింది.

మళ్లీ పోయినప్పుడు డాక్టరు కాగితం చూసి తలెత్తాడు. “క్యాన్సర్ కాదమ్మా. కడుపులో పులుపు పైకి తన్ని తన్ని అన్నం దిగే దారి ఒకచోట సన్నబడింది. దాన్ని వెడల్పు చేస్తాం. మందులు వాడితే మామూలుగా తింటావు.”

“గదైతె కాదు గద సారూ?” అన్నాడు బాపు.

“కాదు.”

“కానే కాదు గద?”

“కాదు పెద్దాయనా.”

బయటికొచ్చి బాపు మెట్ల మీద కూలబడ్డాడు. తువ్వాలతో మొఖం కప్పుకున్నాడు. నేనూ ఆయన పక్కనే కూర్చుండిపోయాను. అవ్వ మా ఇద్దరినీ చూసి నవ్వింది. “నాకేం లేదని చెప్పినంక ఏడుస్తరేందయ్యా? లేవుండ్రి, బస్సు పోతది.”

ఆస్పత్రిలో ఆ దారి వెడల్పు చేశాక కొన్నాళ్లు మెత్తటి అన్నం, జావ. డాక్టరు సరేనన్నాక వచ్చిన ఆదివారం అవ్వ జొన్నరొట్టె తుంచి నమిలింది. మింగి ఒక్క క్షణం ఆగింది. మేమిద్దరం అవ్వ వైపే చూస్తున్నాం.

“దిగింది” అంది. ఇంకో ముక్క తుంచుకుంది.

ఆ రోజు అవ్వ తింటూ తింటూ, పెళ్లయి ఈ కాలనీకి వచ్చిన కొత్తలో జరిగిన సంగతి చెప్పింది. మొదటిసారి షిఫ్టు సైరన్ మోగినప్పుడు ఏదో ఉపద్రవం వచ్చిందనుకుని పడుకున్న చాప చుట్టి చంకన పెట్టుకుని వీధిలోకి ఉరికిందట. వాడకట్టు ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారట.

బాపు తినడం ఆపేశాడు. “గీ ముచ్చట నాకెన్నడు చెప్పలేదేందే?”

“నువ్వెన్నడు కూసున్నవ్ నాతోని?”

అందులో నిష్టూరం లేదు. బాపు కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

“ఇప్పుడు కూసున్న గద. చెప్పు, ఆ చాప ఏం జేసినవ్?”