త్రినాథరావు గారి యూరప్ చుట్టాలు

ఉత్తరాది రైల్వే ఊరి శివారు మోప్కాలో త్రినాథరావు గారింట్లో అరకిలో వంకాయలు కొనాలన్నా యూరప్ అనుమతి కావాలి. మనిషికి ఏది మంచి, ఏది చెడు, ఎందుకు మంచి, ఎవరికి చెడు అని తెల్లవాళ్లు వేల ఏళ్లుగా పడుతున్న తగువునంతా ఆయన ఒక్కడే నెత్తికెత్తుకున్నాడు. బొగ్గు రైళ్లకి గార్డుగా చేసిన రోజుల్లో, బండి సిగ్నల్ కోసం గంటలకొద్దీ పక్కనున్న లూప్ లైనులో పడుంటే, తోటి గార్డులు బ్రేక్‌వ్యానులో హాయిగా కునుకు తీసేవారు. ఈయన పాశ్చాత్య తత్వశాస్త్రం చదివేవాడు. కునుకు తీసినవాళ్లంతా రిటైరయ్యాక కూడా మామూలుగానే ఉన్నారు.

ఆ తత్వవేత్తల పేర్లు ఆయన భార్య మాధవీలతకి నోరు తిరగవు. తిప్పుకోవాలన్న సరదా కూడా ఆవిడకి లేదు. అందుకని దేశాల్ని బట్టి గుర్తుపెట్టుకుంది. ప్రాణం మీదికొచ్చినా అబద్ధం ఆడకు, నువ్వు చేసే పని లోకమంతా చేస్తే ఏమవుతుందో చూసుకో అన్నవాడు జర్మనీ ఆయన. ఎక్కువమందికి ఎక్కువ సుఖం ఇచ్చేదే మంచిపని అన్నవాడు ఇంగ్లండు ఆయన. దేనిలోనూ అతి వద్దన్నవాడు ఒక గ్రీకాయన. కనపడిన ప్రతివాణ్ణీ ప్రశ్నలతో కాల్చుకుతిని, చివరికి వాళ్ల చేత విషం తాగించుకున్నవాడు ఇంకో గ్రీకాయన. విషం ఇచ్చినవాళ్ల మీద మాధవీలతకి ఏ కోపమూ లేదు.

"ఏటండీ, వంకాయలకని ఎల్లి ఇంతసేపా? ఏవీ?"

"బేరం ఆడటం న్యాయమా కాదా అని ఆగాను మాధవీ. లోకమంతా బేరం ఆడితే..."

"లోకమంతా ఆడుతూనే ఉంది! మీ జర్మనీ ఆయన వంకాయలు కొన్లేదేటి ఎప్పుడూ?"

"ఆయన బ్రహ్మచారి."

"అచ్ఛా! అదీ సంగతి," అంది మాధవీలత. ఆ పూట పప్పుతోనే సరిపెట్టింది.

ఓసారి బిల్హాలో పెళ్లికి లోకల్ రైల్లో బయల్దేరారు. అదృష్టం బాగుండి ఇద్దరికీ సీట్లు దొరికాయి. తర్వాతి స్టేషన్లో బుట్టలు పట్టుకున్న ఓ ముసలమ్మతో, మూటలతో ఓ కుటుంబం ఎక్కింది. త్రినాథరావు కళ్లు మూసుకుని, మనం లేస్తే ఎంతమంది కూచుంటారో లెక్క వేశాడు. తాను లేచాడు. ఊరుకోక భార్యనీ లేపాడు.

"ఇంగ్లండు ఆయన లెక్క ప్రకారం పెట్టెంతా సుఖంగా ఉంది," అన్నాడు తృప్తిగా.

"నా మోకాళ్ల సంగతేటి?"

"అవి రెండే కదా. మైనారిటీ."

ఇక నిజం చెప్పడంలో ఆయనకి జర్మనీ ఆయనే సాటి. తోటి గార్డు శంకరరావు రిటైర్మెంటు సభలో దండలు వేశారు, శాలువా కప్పారు, త్రినాథరావుని పిలిచి రెండు మాటలు చెప్పమన్నారు. అదే వాళ్లు చేసిన తప్పు. "శంకరరావు డ్యూటీకి టైముకి రావడం నేను ఒక్కసారే చూశాను," అని మొదలుపెట్టాడు ఈయన. "ఆ రోజు ఆయన వాచీ ముందుకు నడుస్తోంది." శంకరరావు ఇప్పటికీ ఈయన ఎదురుపడితే రోడ్డు దాటేస్తాడు. తెలుగు రైల్వేవాళ్లు ఎక్కువగా ఉండే తార్‌బహార్‌లో ఆడవాళ్లు కొత్త చీర కట్టుకుని ఎలా ఉందని అడిగేముందు, చుట్టుపక్కల త్రినాథరావు లేడు కదా అని చూసుకుంటారు.

అలాంటి మనిషికి ఆ ఏడు తెలుగువాళ్ల పండగ కమిటీ ఒక పని అప్పగించింది.

తార్‌బహార్‌లో ఏటా మరిడమ్మ పండగ చేస్తారు. ఊరేగింపులో అమ్మవారి మొదటి ఘటం నెత్తిన పెట్టుకుని నడిచేది అప్పలకొండ. అత్తగారి నెత్తి మీంచి దిగిన ఘటం కోడలిగా తన నెత్తికెక్కింది. అప్పటినించి దించలేదు. ఆవిడ మాధవీలతకి దొడ్డమ్మ. తల్లి పోయాక పెంచి పెద్దచేసింది ఆవిడే. పోయినేడు స్టేషను మలుపు దగ్గర తూలింది. ఒకరు ఘటాన్ని పట్టుకున్నారు, ఒకరు మనిషిని పట్టుకున్నారు. ఈసారి పడితే తుంటి ఎముక విరుగుతుంది, మళ్లీ లేవదు అని డాక్టరు చెప్పాడు. అప్పలకొండ మాత్రం డాక్టరు మరిడమ్మ కంటే పెద్దోడా అని అడిగింది.

ఆవిణ్ణి ఆపాల్సిందేనని కమిటీ తీర్మానించింది. ఆ మాట ఆవిడతో చెప్పడానికి సెక్రటరీ గిరిబాబుకి పంటినొప్పి వచ్చింది. కమిటీలోనే ఉన్న నూకరాజుకి డ్యూటీ పడింది. "త్రినాథరావు గారైతే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారు," అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు.

ఆ సంగతి వినగానే మాధవీలత గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఒద్దండీ. ఆ ఘటం దొడ్డమ్మకి ప్రాణం. ముసిల్దానివయ్యావు, తప్పుకో అని మీ నోటితో అన్నారంటే మంచం పట్టేస్తాది."

"అయితే అబద్ధం చెప్పమంటావా?"

"చెప్పండి! ఒక్కటి! పెళ్లయినకాడినించి నాకోసం ఒక్క అబద్ధం ఆడారా? ఆ నీలం చీర బాగుందా అంటే కూడా..."

"ఆ చీర బాగులేదు మాధవీ."

"చూశారా!"

"ప్రాణం పోయే చోట కూడా ఆడకూడదన్నాడు జర్మనీ ఆయన."

"ఆయనకి మా దొడ్డమ్మ లేదు," అంది మాధవీలత. కళ్లు తుడుచుకుని, ఆ నీలం చీరే కట్టుకుని, స్కూటరు వెనక ఎక్కింది. ఈయన నోరు పడిపోయేలా చూడు తల్లీ అని తార్‌బహార్ దాకా మరిడమ్మకి మొక్కుకుంటూనే ఉంది.

వీళ్లు వెళ్లేసరికి అప్పలకొండ వాకిట్లో కూచుని ఇత్తడి ఘటాన్ని చింతపండుతో తోముతోంది. తలెత్తి చూసింది.

"ఏటల్లుడూ, కమిటీవోలు అంపినారా? పొద్దున్న గిరిబాబు నన్ను సూసి దవడ నొక్కుకున్నప్పుడే అనుకున్నాను." తోమడం ఆపింది. "నువ్వు అబద్దం ఆడవని ఊరంతా అంతాది. నువ్వే సెప్పు. నాను పనికిరాకుండా అయిపోనానా?"

అడుగుతూ ఘటాన్ని ఒళ్లోకి లాక్కుంది. మాధవీలత తల దించేసుకుంది.

త్రినాథరావు ఘటం వైపు చూశాడు, ఆవిడ చేతుల వైపు చూశాడు.

"అత్తా, నార్వేలో ఒకాయన ఉన్నాడు," అన్నాడు.

మాధవీలత చటుక్కున తలెత్తింది.

"ఎవుడాడు?"

"పెద్ద తత్వవేత్త. ఆయన ఏమన్నాడంటే, బరువు మోసేవాడి కంటే, ఆ బరువు నెత్తికెత్తేవాడు గొప్ప. మోసేవాళ్లు ఎవరైనా దొరుకుతారు. ఎవరి నెత్తిన ఏది నిలుస్తుందో తెలియాలంటే మాత్రం ఏళ్లతరబడి మోసి ఉండాలి. అలాంటి మనిషి ఊళ్లో ఉండగా, ఆవిడ చేత్తో ఎత్తందే ఒక్క ఘటం కూడా కదలకూడదు అన్నాడు."

అప్పలకొండ ఆలోచించింది. "నార్వేలోనూ గటాలున్నాయేటి?"

త్రినాథరావు చూపు తిప్పుకున్నాడు. "ఉన్నాయి. అక్కడ చలి కదా, గుడ్డ చుట్టి మోస్తారు."

"మరి మన కమిటీవోలకి ఈ ఇసయం తెల్దా?"

"వాళ్లు చదువుకోలేదత్తా."

"అందుకే అలగ ఏడిసినారు," అంది అప్పలకొండ. ఘటాన్ని మళ్లీ తోమడం మొదలుపెట్టింది, ఈసారి ఇంకా గట్టిగా.

పండగనాడు అప్పలకొండ కుర్చీ వేయించుకుని వాకిట్లో కూచుంది. ఆవిడ చెయ్యి పడకుండా ఒక్క ఘటం లేవలేదు. మొదటి ఘటాన్ని తన కోడలు స్వాతి నెత్తికెత్తి, "మెడ నిట్టగా పెట్టే! నార్వేవోలు సూస్తే నవ్వుతారు," అని కసిరింది. గిరిబాబు తొందరపెట్టబోతే, చదువులేనోడివి నీకేటి తెలుసని నోరు మూయించింది. ఊరేగింపు ఆలస్యంగా కదిలింది. మలుపు దగ్గర ఎవరూ తూలలేదు. దొడ్డమ్మ మొహంలో అంత వెలుగు మాధవీలత ఈమధ్య చూడలేదు.

సాయంత్రం స్కూటరు వెనక కూచుని తిరిగొస్తుంటే మాధవీలతకి రైల్లో తమ సీట్లలో కూచున్న ఆ బుట్టల ముసలమ్మ గుర్తొచ్చింది. ఈయన బేరం ఆడలేకపోయిన వంకాయలామె గుర్తొచ్చింది. ఈ మనిషి ఎవరికి మంచి చేసినా, పేరు మాత్రం తీసుకెళ్లి ఎవరో ఒక తెల్లాయనకి కట్టబెట్టేస్తాడు. భలే మొగుణ్ణిచ్చావు తల్లీ అనుకుంది. కానీ ఊరికే వదిలితే మాధవీలత ఎలా అవుతుంది?

"ఏటండీ. పెళ్లయినకాడినించి మీ చుట్టాలందరికీ వండి వారుస్తున్నాను. జర్మనీ ఆయనా, ఇంగ్లండు ఆయనా, గ్రీకోళ్లిద్దరూ. ఈ నార్వే ఆయన మనింటికి ఎప్పుడూ రాలేదేటి?"

"కొత్తవాడు."

"పేరేటి?"

"నోరు తిరగదు."

"జర్మనీ ఆయనకి తెలిస్తే?"

త్రినాథరావు స్కూటరు నెమ్మది చేశాడు. "నువ్వు చెప్పకపోతే తెలీదు."

మాధవీలత నవ్వాపుకుని, గాలికి ఎగురుతున్న నీలం కొంగు సర్దుకుంది. "అయితే ఇప్పుడు చెప్పండి. ఈ నీలం చీర ఎలాగుంది?"

ఆయన చాలాదూరం ఆలోచించాడు. మోప్కా మలుపు వచ్చింది.

"జర్మనీ ఆయనకి నచ్చలేదు," అన్నాడు. "నార్వే ఆయన మాత్రం చాలా బాగుందంటున్నాడు."