ఖాసింబీ విప్పించిన కుట్టు

మొన్న బట్టల కొట్లో గుమస్తా గజం బద్దతో కొలిచి, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, బట్టను పర్రుమని చించాడు. ఆ చప్పుడు చెవిన పడగానే నా చేతులు వాటంతటవే ముందుకు పోయి ఆ ముక్క కొసలు రెండూ కలిపి చూశాయి. వంకర పోలేదు. అయినా ఇంకోసారి కొలవమన్నాను. నా కోడలు సిగ్గుతో పక్కకు తిరిగింది. ఇంటికొచ్చాక, మా అత్తయ్య దేవుణ్ణి నమ్మాలన్నా రుజువు అడుగుతుందని అందరితో చెప్పి నవ్వించింది. నవ్వుకోనీ. బట్ట చిరిగే చప్పుడు వింటే నాకు నరసరావుపేటలో మా పక్కింటి ఖాసింబీ గుర్తొస్తుంది. ఈ అనుమానపు బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఆమె పెట్టిన భిక్ష.

అవి యుద్ధం రోజులు. బట్ట కంట్రోలులో, మనిషికింతని రేషను లెక్కన దొరికేది, దొరికిన ముక్కను బీరువాలో నగలాగా దాచుకునేవాళ్ళు. ఖాసింబీ భర్త జట్కా తోలేవాడు. ఆమె ముందుగదికి గోనెపరదా కట్టుకుని, దాని వెనక కూర్చుని ఆడవాళ్ళకు రవికలు కుట్టేది. సన్నగా, ఎండు మిరపకాయలా ఉండేది. ఎవరైనా ఆమె పనిని మెచ్చుకుంటే కూలి తగ్గించమంటారేమోనని కళ్ళు చిన్నవి చేసి చూసేది. గుడ్డ తెచ్చినవాళ్ళ ఎదుటే కొలిచేది, కొలత వాళ్ళ నోటితోనే చెప్పించేది. కుట్టడం అయ్యాక కత్తిరించగా మిగిలిన పీలికలన్నీ, వేలెడు పొడుగున్నవాటిని కూడా, మూటకట్టి రవికతో పాటు చేతిలో పెట్టేది. చూసుకుని తీసుకుపొమ్మనేది. ఇంత అపనమ్మకంతో ఎట్లా బతుకుతుందో అని నేను జాలిపడేదాన్ని.

నాకు కుట్టడమంటే పిచ్చి. పత్తి బాగా పండిన ఏడాది మా నాన్న చేతిమిషను కొనిచ్చాడు. కాపురానికి వచ్చాక దాని ముందు కూర్చుంటే అన్నం మాట గుర్తుండేది కాదు. ఆడపడుచులకూ, వాళ్ళ పిల్లలకూ, వీధిలో అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ కుట్టిపెట్టాను. అప్పట్లో నా అంత మంచి కోడలు పల్నాడు మొత్తంలో లేదు. వరసగా వానలు మొహం చాటేసి, చేలో పెట్టిన విత్తనం కూడా తిరిగిరాని పరిస్థితి వచ్చినప్పుడు, ఇక కూలికి కుడతానని ఇంట్లో అడిగాను. మా మామగారు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఎవరైనా మన గడపలోకి వచ్చి ఒక్క మాట అన్నా, ఆ రోజే మిషను అమ్మేస్తానన్నారు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

ఆ సంగతి విని ఖాసింబీ పిట్టగోడ మీదుగా పిలిచింది. ఆది రవిక చూసి కత్తిరించడం తన దగ్గర నేర్చుకోమంది. ఆది రవిక అంటే, కొలతలివ్వడానికి బదులు ఆడవాళ్ళు తెచ్చే పాత రవిక. అందులో చాలా మోసం ఉంటుందని ఆమె మొదటిరోజే చెప్పింది. ఒళ్ళు వచ్చినా ఒప్పుకోలేక సన్నగా ఉన్నప్పటిది తెస్తారు, చెల్లెలిది తెచ్చి తమదంటారు. అందుకని ఆదిని కాదు, తెచ్చిన మనిషిని చూసి కత్తిరించమంది. ఆ తర్వాత ఆమె అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు.

"ఏమ్మే, ఊరికే కుట్టినన్నాళ్ళు నువ్వు మంచిదానివి. కూలి ముట్టుకున్న రోజునించీ దొంగవి. ముందే తెలుసుకుని కూర్చో."

మా ఇంట్లో అందరికీ ఆమె మీదే అనుమానం. పక్కింట్లో పోటీకి వచ్చేదానికి ఎవరన్నా పని నేర్పుతారా అని మా అత్తగారు. కాజాలు కుట్టించుకోవడానికి ఊరికే దొరికావని మా ఆయన. నిజమే, నేర్చుకున్నన్నాళ్ళూ ఆమె రవికల కాజాలన్నీ నేనే కుట్టాను. ఆమె ఒక కిటుకు చెబితే, ఇంకొకటి దాచిందేమో అని నేనూ చూసేదాన్ని. అడగలేక అడగలేక ఒకరోజు, నాకెందుకు నేర్పుతున్నావు పిన్నమ్మా అని అడిగాను. దారం పంటితో తెంపి, కాజా వంకరగా ఉంది చూసుకో అంది.

ఆమె చెప్పింది నిజమని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. నిన్నటిదాకా నా చేతులు కళ్ళకద్దుకున్న ఆడపడుచే, కూలి ఇచ్చాక రవిక తిరగేసి కుట్టు కుట్టూ లాగి చూసింది. అంతకుముందు కుట్టిపెడితే చాలనేవాళ్ళు, ఇప్పుడు చెయ్యి పొట్టి, మెడ లోతు అని పేర్లు పెట్టారు. మనసుకు నచ్చినట్టు కుట్టే రోజులు పోయాయి. నాకు గిట్టని పసుపుపచ్చ దారంతో, నాకు గిట్టని బుట్ట చేతులు, నాకు గిట్టని మనుషులకు కుట్టాను. మిషను ముందు కూర్చోబోతే ఒక్కోసారి ఒళ్ళు బరువెక్కేది. చాలా ఇష్టపడ్డ పని కదా, ఇదేమిటని ఏడ్చాను కూడా.

అట్లాంటప్పుడు ఖాసింబీ తనకు తీరిక లేదని చెప్పి నరసమ్మగారి పని నాకు పంపింది. నరసమ్మగారిది రొంపిచర్ల వైపు భూములున్న పెద్ద ఇల్లు. కూతురికి పట్టురవిక కావాలి. ముక్క చూస్తే ముచ్చటగా ఉంది, సన్నటి గళ్ళు. కూతురేమో బొద్దుగా ఉంది. మామూలుగా కత్తిరిస్తే చంకల్లో చాలదు. మిగిలిన ముక్కల్లోంచి అరచేతంత అతుకులు రెండు తీసి, గడికి గడి కలిపి చంకల కింద వేశాను. లోపల అస్తరు గుడ్డ వేసి మూసేశాను. ఎంత తిప్పి చూసినా అతుకు ఎక్కడుందో కనిపించదు. ఆ కుట్టు చూసుకుని నేను పొంగిపోయాను. ఎన్నో వారాల తర్వాత మళ్ళీ ఇష్టంగా చేసిన పని అది. పీలికలు మూటకట్టి, రవికతో పాటు పంపాను.

మర్నాడు నరసమ్మగారు జట్కా దిగి నేరుగా మా వసారాలోకి వచ్చారు. మామగారు అక్కడే మంచం మీద ఉన్నారు. ఆవిడ రవికనూ, పీలికల మూటనూ చాప మీద పెట్టించారు. "నేను పంపిన ముక్కంతా ఈ రవికకు పోయిందంటే నమ్మమంటావా?" అన్నారు. గొంతు పెంచలేదు. నేను మామగారి వైపు చూడలేదు, మిషను వైపు చూశాను.

ఎవరు పిలిచారో, పరదా వెనక నుంచి వింటూ ఉందో గాని, అప్పటికే ఖాసింబీ వచ్చి నిలబడింది. ఆమె ఎవరికీ సర్దిచెప్పలేదు. రవికను చాప మీద పరిచి, చుట్టూ పీలికలు ఒక్కొక్కటే వాటి చోట్లలో పేర్చింది. ముక్క మళ్ళీ ముక్కయింది, ఒక్క చోట తప్ప. అక్కడ రెండు అరచేతులంత ఖాళీ. నరసమ్మగారు ఆ ఖాళీ మీద వేలు పెట్టారు. అతుకులు చంకల్లో ఉన్నాయని చెప్పాను. ఆవిడ తిప్పి తిప్పి చూశారు. కనిపిస్తేగా! నా పనితనమే నా మీద సాక్ష్యం చెప్పింది.

ఖాసింబీ నడుముకున్న సంచిలోంచి చిన్న కత్తెర తీసి నా ముందు పెట్టింది.

"విప్పు."

"విప్పితే పాడైద్ది పిన్నమ్మా. ఇట్టాంటి కుట్టు మళ్ళా పడదు."

"కుట్టు ఆమెది, ఆమె గుడ్డ మీద ఉంది. నీదల్లా పేరే. ఏది కావాల్నో చూసుకో."

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం దొంగ అనిపించుకోవడమే మేలనిపించింది. అంత ఇష్టం ఆ కుట్టంటే. తర్వాత కత్తెర అందుకున్నాను. అస్తరు ఊడదీసి, ఒక్కొక్క దారం తెంపి, రెండు అతుకులూ బయటికి తీశాను. వాటిని ఖాళీలో పెట్టాను. గడికి గడి కలిసింది. నరసమ్మగారు వంగి, ఒక అతుకును తిరగేసి నేత చూసి, మళ్ళీ పెట్టారు. ఎల్లుండికల్లా కుట్టి పంపమన్నారు. పొరపాటయిందని గానీ, ఏమీ అనుకోవద్దని గానీ అనలేదు. జట్కా వెళ్ళిపోయింది. మామగారు కాసేపు చాప వంక చూసి, "మిషను మీద గుడ్డ కప్పుకో అమ్మాయ్, దుమ్ము పడతంది" అన్నారు. దాన్ని అమ్మే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం పిట్టగోడ దగ్గర ఖాసింబీని నిలేశాను. నరసమ్మగారు ఎట్లాంటి మనిషో తెలిసే ఆ పని నాకు పంపావు కదా, నేను పడిపోతే చూద్దామనా, నిలబడితే చూద్దామనా అని అడిగాను. ఆమెకు కోపం రాలేదు. "ఎట్టన్నా అనుకో. అనుకోవటం నేర్చావు, అంతే చాలు" అంది. ఆమె మనసులో ఏముందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె మీద నాకున్న ప్రేమలో ఆ అనుమానం కూడా ఒక పోగుగా కలిసిపోయింది.

మర్నాడు ఆ అతుకులు మళ్ళీ వేశాను. మనసులో ముచ్చట లేదు, పాట లేదు. ఒళ్ళంతా కోపం. నరసమ్మగారి మీద, ఖాసింబీ మీద, ఆ పట్టు మీద కూడా. అయ్యాక వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాను. కుట్టు మొదటిదానికన్నా తిన్నగా పడింది. గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఇష్టం లేకపోయినా నా చేతులు అంత పని చేస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. భయం వేసింది, ధైర్యమూ వచ్చింది. ఆ చేతులతోనే నా పిల్లల్ని చదివించాను. పని మీద ఇష్టం వచ్చిన రోజున దాన్ని రానిచ్చాను, రాని రోజున దాని కోసం ఎదురుచూడలేదు.