ఇంట్లో ఎంతమంది?

టీబీ మీద మేం రాసిన కరపత్రం జనానికి అర్థమవుతోందో లేదో చూడటానికి ఈ రోజు కొండపల్లి వెళ్ళాను. బొమ్మలకు రంగులు వేస్తున్న ఒకావిడ నన్ను అరుగు మీద కూర్చోమంది. చుట్టూ ఇంకా కళ్ళు దిద్దని బొమ్మలు.

"ఇంట్లో ఎంతమందండీ?"

"నేనొక్కదాన్నేనండి."

ఫారంలో 'ఒకరు' అని రాసుకుని, కరపత్రం పైకి చదివాను. 'మందులు మానకుండా వాడితే తగ్గిపోతుంది' అన్నచోట, మూసి ఉన్న గదిలోంచి సన్నగా ఒక ఆడగొంతు వినిపించింది.

"ఆ ముక్క మళ్ళీ చదవండి."

ఆవిడ తలెత్తలేదు. బొమ్మకు కన్ను దిద్దుతూనే ఉంది. నేను తలుపు వైపు తిరిగి మళ్ళీ చదివాను.

లేచి వస్తుంటే ఆవిడ అడిగింది. "ఒకరనే రాశారు కదండీ?"

రాశానన్నాను. మా కరపత్రాన్ని ఇంత శ్రద్ధగా విన్న ఒకే ఒక్క మనిషి మా లెక్కలో లేదు. మీరైతే ఏం రాసేవారు?