అలా కాకపోతే?

గుంటూరులో నేను పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఒక గుమాస్తా గారుండేవారు. ఏ రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏ గదిలో ఉన్నాయో ముప్పై ఏళ్ళుగా ఆయన తలలోనే ఉండేది. ఆ తలను కంప్యూటర్లోకి దించమని ఓనరు గారు నన్ను పెట్టారు.

స్టోర్డ్ ప్రొసీజర్ అంటే ఒకసారి రాసి డేటాబేస్‌లో ఉంచితే, పిలిచినప్పుడల్లా విసుక్కోకుండా అదే పని చేసే ఆదేశాల వరుస అని ఆయనకు చెప్పాను.

“అంటే నేనేగా?” అన్నారు.

యాభై ఎనిమిదేళ్ళ వయసులో నా పక్కన కూర్చుని నేర్చుకున్నారు. నేను ఏ లైను రాసినా ఆయనది ఒకటే ప్రశ్న.

“పేరు కొట్టగానే సరుకు విడుదలవుతుంది, బాబాయ్ గారూ.”

“అలా కాకపోతే? ఒకే ఊళ్ళో అదే పేరుతో ఇద్దరుంటే? అన్నదమ్ములు కొట్టుకుని చెరి సగం అడిగితే? నీ మిషను పంచాయితీ చేస్తుందా ఏంటి?”

జవాబులన్నీ ఆయనే రాశారు, నాకంటే బాగా. ఇది పూర్తయితే మీ ఉద్యోగం ఉండదేమో అని ఒకరోజు చెప్పేశాను.

“తెలుసులేవయ్యా. సగంలో వదిలేస్తే ఒకడి సరుకు ఇంకొకడికి పోద్ది” అన్నారు.

ప్రొసీజరు నెల రోజులు తప్పు లేకుండా నడిచింది. ఓనరు గారు మురిసిపోయి, శాలువా కప్పి, ఇక విశ్రాంతి తీసుకోమన్నారు.

పోయిన నెల గుమాస్తా గారు చనిపోయారు. సంతాప సభలో ఓనరు గారు, ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేనిదన్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు.

అందరితో పాటు నేనూ తలూపాను. ఆ లోటు తెలియకుండా చేసే పనిని ఆయన చేతే పూర్తి చేయించింది నేనే.