ఊపిరి వదులుతూ తీసిన ఫొటో

బోధన్‌లో సముద్రం లేదన్న సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా చెప్పారు. చెరుకు బండ్లు పోయే రోడ్డు మీద ఫొటో స్టూడియో పెట్టుకున్నవాడు, పదో తరగతి దాటనివాడు, యాభై నిండాక సముద్రంలో మునిగి పురుగుల ఫొటోలు తీస్తానంటే నవ్వడం తమ హక్కనుకున్నారు. ఆ నవ్వుల మీద కోపం నాకింకా తగ్గలేదు. కానీ ఇది రాస్తున్నది వాళ్ల కోసం కాదు. నాకు మేలు చేసిన ఇద్దరిని తలుచుకోవడానికి.

ఎనభైల్లో చిత్తుకాగితాల దుకాణంలో ఒక పాత ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో గుల్ల లేని సముద్రపు నత్త ఫొటో ఒకటి. నీలం ఒళ్లు, పసుపుపచ్చ అంచు, నెత్తిన నారింజ రంగు కొమ్ములు. పక్కన డిక్షనరీ పెట్టుకుని, కూడబలుక్కుంటూ ఆ వ్యాసమంతా చదివాను. నాకొచ్చిన ఆ కాస్త ఇంగ్లీషూ ఆ నత్త చలవే. ఆ పేజీని డార్క్‌రూమ్ తలుపుకు లోపలివైపు అంటించాను. ఎర్ర బల్బు వెలుగులో దానికి రంగులుండేవి కావు. తలుపు తీసినప్పుడల్లా తిరిగొచ్చేవి.

రెండు వేల సంవత్సరం దాటాక, ఒకరోజు నా భార్య బీడీలు చుడుతూ అంది:

“ఎన్నేండ్లు తలుపు మీద సూస్తవయ్యా? పోయి సూడరాదు?”

“నువ్వో?”

“నేనూ వస్త. నువ్వు మునుగుతె ఒడ్డున ఎవలన్న ఉండాలె గద.”

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి పోయాం. నిజాంసాగర్ కాలువలో ఈత నేర్చినవాణ్ణి, నాకు నీళ్ల భయం లేదు. డైవింగ్ నేర్పినతనికి ముప్పై ఏళ్లుంటాయి. శ్రీకాకుళం నుంచి అక్కడికి వలసపోయిన కుటుంబం. వీపున గాలి సిలిండర్ కట్టి, నోట్లో గొట్టం పెట్టి, మొదటిరోజే ఒక సూత్రం చెప్పాడు. నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే రొమ్ము గాలితో నిండి మనిషి పైకి తేలతాడు. తేలేకొద్దీ లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చీలిపోవచ్చు.

నీళ్లు చొరని పెట్టెలో బిగించిన కెమెరా అతను చేతికిచ్చేదాకా అంతా బాగానే చేశాను.

మా స్టూడియోలో కరెంటు ఎప్పుడూ డల్లే. లైట్లు మినుకుమినుకుమంటుంటే షట్టర్ నెమ్మదిగా పెట్టి తీయాలి, చెయ్యి వెంట్రుకంత కదిలినా ఫొటో చెడుతుంది. అందుకని నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఎదురుగా కూర్చున్న పెళ్లికొడుకుతోనూ బిగబట్టించేవాణ్ణి. ఏళ్ల తరబడి అలా చేశాక, బటన్ మీద వేలు పడితే చాలు, రొమ్ము దానంతటదే మూసుకునేది. సముద్రంలోనూ మూసుకుంది. నేను పైకి పోతున్నట్టు నాకు తెలియలేదు. ఎదుటి రొయ్యపిల్లే కిందికి జారిపోతోందనుకున్నాను. డైవింగ్ నేర్పేతను కాలు పట్టి కిందికి లాగాడు.

“మావా, మళ్లీ బిగబట్టేసినావు,” అన్నాడు పడవెక్కాక.

“లేదు తమ్మీ, అల లేపింది.”

“నన్ను లేపనేదు మరి. నిన్నొక్కడినే లేపిందేటి? రేపు ఇంకోపాలి ఇలాగైతే కెమెరా ఇవ్వను. కళ్లతో సూసుకుని వచ్చీ.”

మర్నాటితో మా ప్రయాణం ఆఖరు. ఇన్నేళ్లు కెమెరా పట్టినవాడికి షట్టర్ నొక్కడం రాదంటాడా అని ఒళ్లు మండింది. సాయంత్రం ఇసుకలో కూర్చుని ఆ మంటంతా నా భార్య ముందు వెళ్లగక్కాను. ఆమె నవ్వింది.

“బీడీలు సుట్టుకుంట వాడకట్టు ముచ్చట్లన్నీ చెప్త. నా చేతులు ఆగినయా? నీకేమొ చెయ్యి ఆడితె నోరు మూతవడ్తది. ఏదన్న మాట్లాడుకుంట నొక్కు.”

“నోట్ల గొట్టముంటది. ఏం మాట్లాడాలె?”

“స్టూడియోల పోరగాండ్లతోని ఏమంటవు? గదే అను. నత్తకు తెలుగు రాదని సిగ్గా?”

రీలు లేని నా కెమెరాతో అక్కడే సాధన చేయించింది. నా వీపు మీద చెయ్యి ఆనించి కూర్చుని, నేను బిగబట్టినప్పుడల్లా ఒకటి చరిచింది. దూరంగా ఉన్నవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు.

మర్నాడు పగడపు రాళ్ల సందులో అదే కనిపించింది. నీలం ఒళ్లు, పసుపుపచ్చ అంచు. తలుపు మీది నత్త తలుపు దిగి వచ్చి పాకుతున్నట్టుంది. అతను నా కాలు పట్టుకోవడానికి చెయ్యి చాచి సిద్ధంగా ఉన్నాడు. ‘ఇగో బిడ్డా, ఇటు సూడు, ఇటు సూడు’ అంటూ గొట్టంలోకి గొణిగాను. మాటలన్నీ బుడగలై పైకి పోయాయి. నేను పోలేదు. షట్టర్ నొక్కాను, మళ్లీ నొక్కాను. కాసేపటికి అతను చెయ్యి వెనక్కి తీసుకోవడం ఓరకంట చూశాను. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు.

“ఏటి మావా, దాంతో అంతసేపు మాటలు?” అన్నాడు పైకొచ్చాక.

“కదలకుమని చెప్పిన.”

“ఇన్నాదా?”

“మా బోధన్ పిల్లలకన్న నయం.”

నిజామాబాద్ కలర్ ల్యాబ్‌లో రీలు కడిగిస్తే ఒక్క ఫొటో నిలిచింది. పెద్దది చేయించి, స్టూడియో అద్దాల బీరువాలో పెళ్లిజంటల మధ్య పెట్టాను. వచ్చినవాళ్లు “గిది తింటరా?” అని అడిగేవారు. కళ్లతో చూడాల్సినదాన్ని నోటితో చూసే జనంతో ఏం చెప్పను? ఆ తర్వాత మరికొన్ని సముద్రాలు చూశాను, మోకాళ్లు సహకరించినంత కాలం. స్టూడియోలో మాత్రం మళ్లీ ఎవరినీ ఊపిరి బిగబట్టమనలేదు. ఫొటోల్లో మనుషుల మొహాలు కాస్త మెత్తబడ్డాయి.

ఫొటో పెట్టిన రోజు నా భార్య చాలాసేపు చూసింది. “అసలుది ఎంతుంటది?” అంది. ఆమె చాటలోంచి ఒక బీడీ తీసి, సగం దగ్గర వేలు పెట్టి చూపించాను.

“గింతదానికా ఇన్నేండ్లు?” అంటూ, కొంగుతో ఆ అద్దం తుడిచింది.